కళ్లు మూసుకుంటే గంట గడిచిపోతోంది, ఇది సమాధేనా?

ప్రశ్న: నా వయసు 53. అనంతపురంలో ఉంటాను. దగ్గర్లోని ఊళ్లో హైస్కూలు లెక్కల టీచర్ని. మూడేళ్లుగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పంచాక్షరి జపం చేసి, ఆ తర్వాత ధ్యానంలో కూర్చుంటున్నాను. ఐదు నెలలుగా కూర్చున్న పది నిమిషాలకే నాకేమీ తెలియకుండా పోతోంది. కళ్లు తెరిచేసరికి గంట దాటి ఉంటుంది. ఒళ్లు తేలిగ్గా, మనసు హాయిగా ఉంటుంది. ఒక్కోసారి నీలం వెలుగు కనబడుతుంది, చెవుల్లో సన్నగా నాదం వినబడుతుంది, ఉన్నట్టుండి ఒంట్లో ఒక కుదుపు వస్తుంది. మేము వెళ్లే సత్సంగంలో పెద్దాయన ఇది నిర్వికల్ప సమాధి అన్నారు. 60,000 రూపాయలు కట్టి పై దీక్ష తీసుకోమంటున్నారు. ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ ఇచ్చేసి పూర్తిగా సాధనలో ఉండిపోవాలని నాకూ అనిపిస్తోంది. మా ఇంటావిడ మాత్రం 'సమాధిలోంచి లేచిన మనిషి కాఫీ ఆలస్యమైందని గ్లాసు విసిరికొడతాడా?' అంటోంది. రాత్రి పడుకునేసరికి పదకొండు దాటుతుంది. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, పొద్దున మాత్ర వేసుకునే కూర్చుంటాను. చెప్పుకోదగ్గది కాదుగానీ, మొన్న కార్తీకంలో పెన్నహోబిలం వెళ్లినప్పుడు ఏటి ఒడ్డున బండమీద కూర్చుంటే పావుగంటసేపు జపం దానంతటదే నడిచింది. నీళ్ల చప్పుడు, పిల్లల అరుపులు వినబడుతూనే ఉన్నాయి, అడ్డు రాలేదు. అంతకుమించి ఏ అనుభవమూ కలగలేదు. నిజమైన సమాధిని ఎలా గుర్తుపట్టాలి? దయచేసి పేరు వేయవద్దు.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ మీ ఇంటావిడ మాట దగ్గరే ఆగిపోయాను. ఆమె ఎగతాళి చేస్తోందని మీరు నొచ్చుకున్నట్టున్నారు. నాకైతే ఆ తల్లి అడిగింది శాస్త్రం అడిగే ప్రశ్నే అనిపించింది. గీత రెండో అధ్యాయంలో అర్జునుడు మీలాగే అడుగుతాడు. సమాధిలో నిలిచిన స్థితప్రజ్ఞుడి గుర్తేమిటి, అతను ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని. కృష్ణుడు 55వ శ్లోకం నుంచి 72 దాకా, పద్దెనిమిది శ్లోకాల్లో జవాబు చెబుతాడు. తీరిగ్గా ఒకసారి చదవండి. ఎన్ని గంటలు కదలకుండా కూర్చోవాలో అందులో ఉండదు. కళ్లు మూసుకుంటే ఏ రంగు కనబడాలో ఉండదు. కోపం ఎక్కడ పుడుతుంది, పుట్టి మనిషిని ఎక్కడికి ఈడ్చుకుపోతుంది అన్నది మాత్రం మెట్టు మెట్టుగా ఉంటుంది. సమాధి గుర్తుల గురించి అడిగినవాడికి భగవంతుడు కోపం సంగతి చెప్పాడంటే, మీ ఇంట్లో గ్లాసు సంగతి చిన్నదని నేననుకోను.

రమణ మహర్షి ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున తపస్సు చేసుకుంటున్న యోగి ఒకడు దాహమేసి శిష్యుణ్ని నీళ్లు తెమ్మన్నాడు. శిష్యుడు నీళ్లతో వచ్చేలోపే ఆయన కళ్లు మూతపడి లోపలికి వెళ్లిపోయాడు. ఏళ్లకు ఏళ్లు గడిచాయి. ఒకనాడు మెలకువ వచ్చింది. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, 'నీళ్లేవీ?' అన్నేళ్లూ ఆ దాహం ఎక్కడికీ పోలేదు. మనసు అణిగి ఉన్నంతసేపూ అదీ దానితోపాటే అణిగి ఉంది, మనసు లేవగానే అదీ లేచింది. ఉపదేశసారంలో మహర్షి దీన్నే ఒక్క ముక్కలో చెప్పారు: 'లయగతం పునర్భవతి నో మృతమ్'. లయించిన మనసు మళ్లీ లేస్తుంది, నశించినది లేవదు. యోగి లేవగానే అడిగింది నీళ్లు. మీ ఇంట్లో అది కాఫీ అయింది.

మిగతా విషయంలోకి పోయేముందు ఒంటి సంగతి. దీన్ని దాటేయవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. మీరు ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర వేసుకుని గంటకు పైగా ఏమీ తినకుండా కూర్చుంటున్నారు. కొన్ని రకాల షుగర్ మాత్రలు తిండితోపాటు వేసుకోవాల్సినవి. అవి వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు మగత కమ్ముతుంది, చెమట పడుతుంది, వణుకు వస్తుంది, చిన్న మాటకే చిరాకు, కోపం పుట్టుకొస్తాయి. మీరు సమాధి అనుకుంటున్నదీ, ఇంటావిడ భరిస్తున్న కోపమూ రెండూ ఒకే మాత్ర నుంచి వస్తూ ఉండవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మూడు రోజులు ఆసనం మీంచి లేచిన వెంటనే వేలు గుచ్చి చూసుకోండి. 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే కాస్త చక్కెరో పండ్లరసమో తీసుకుని, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ఎలాగైనా ఈ వారంలోనే ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగి తెలుసుకోండి. మీ అంతట మీరు మానేయవద్దు.

నీలం వెలుగు విషయంలో కూడా ఒక జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ధ్యానంలోనే కాకుండా మామూలు వేళల్లో మెరుపులు, నల్లటి చుక్కలు కనబడితే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తరగతిలోనో బండి నడుపుతూనో ఉన్నట్టుండి కాసేపు ఏమీ తెలియకుండా పోతుంటే నరాల డాక్టర్‌కు చూపించుకోండి. మీకు గురక ఉందేమో ఇంటావిడను అడగండి. గురకతో రాత్రంతా నిద్ర తెగిపోయేవాళ్లకు ఎక్కడ కూర్చుంటే అక్కడ కళ్లు మూతపడతాయి. శరీరం పని శరీరానిది. దాన్ని ఆధ్యాత్మికం అనుకుని వదిలేసి నష్టపోయినవాళ్లను నేను చూశాను.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. దాదాపు ఇదే నాకూ జరిగింది. ముప్పై ఆరేళ్ల వయసులో కర్నూలులో ఉద్యోగం చేస్తూ పొద్దున, సాయంత్రం కూర్చునే అలవాటు ఉండేది. కొన్ని నెలలపాటు కూర్చోగానే నాకేమీ తెలియకుండా పోయేది, దాన్ని వరం అనుకున్నాను. తుంగభద్ర ఒడ్డున ఒక వీధిలో వేదాంతం పాఠం చెప్పే పెద్దాయన ఉండేవారు. ఆయన మెచ్చుకుంటారని వెళ్లి చెప్పాను. ఆయన మూడే ప్రశ్నలు అడిగారు. 'జపం ఏ పూస దగ్గర ఆగింది?' తెలియదండీ అన్నాను. 'ఆగిందని ఎప్పుడు తెలిసింది?' లేచాక అన్నాను. 'మధ్యలో తెలిసినవాడు ఎవడైనా ఉన్నాడా?' నేను మాట్లాడలేదు. 'నిద్ర మంచిదే, ఈశ్వర ప్రసాదం. దానికి వేరే పేరు పెట్టకు' అని లోపలికి వెళ్లిపోయారు. నెలరోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను. సమాధి వచ్చిందనుకున్న మనిషికి ఒక్క మాటకు నెలరోజుల కోపం! ఆ కోపమే ఆయన మాటకు రుజువని చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇవాళ ఆయన లేరు. ఆ మూడు ప్రశ్నలే మీకు ఇస్తున్నాను.

మన సీమలో సమాధి అనే మాటకు బరువెక్కువ. కడప జిల్లా వైపు బ్రహ్మంగారిమఠం పేరెత్తగానే స్వామి సజీవసమాధి గుర్తొస్తుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావనంలో ప్రవేశించారని చిన్నప్పటినుంచీ వింటాం. ఆ మహానుభావుల సంగతి వేరు, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ కథలు విని విని, సమాధి అంటే మనిషి ఇక్కడ లేకుండా పోవడం, ఏమీ తెలియకపోవడం అనే బొమ్మ మన మనసులో పడిపోయింది. పతంజలి యోగసూత్రాలు చెప్పే సమాధి ఆ బొమ్మకు దాదాపు ఎదురుగా ఉంటుంది.

ఆ సూత్రాల్లో మూడో భాగం విభూతిపాదం, దాని మొదటి మూడు సూత్రాలు చూడండి. చిత్తాన్ని ఒకచోట కట్టివేయడం ధారణ. ఆ ఒక్క తలపే తెగకుండా సాగడం ధ్యానం. మూడోది సమాధి: 'తదేవార్థమాత్రనిర్భాసం స్వరూపశూన్యమివ'. ధ్యానించే వస్తువు ఒక్కటే వెలుగుతూ ఉంటుంది, ధ్యానించేవాడు తాను లేనట్టు అయిపోతాడు. 'నిర్భాసం' అన్నారు పతంజలి, అంటే వెలగడం. దీపం ఇంకా బాగా వెలుగుతోందని ఆయన అంటుంటే మనం దీపం ఆరిన గదిని చూపించి ఇదే అది అంటున్నాం. గీతలోనూ అదే. అన్ని ప్రాణులకూ ఏది రాత్రో అందులో సంయమి, అంటే మనసును అదుపులో ఉంచుకున్నవాడు, మేలుకొని ఉంటాడు అన్నాడు కృష్ణుడు. 'జాగర్తి' అన్నది ఆ శ్లోకంలోని మాట.

మీరు లెక్కల మాస్టారు. జవాబు ఒక్కటి రాసి స్టెప్పులు రాయని పిల్లాడికి ఎన్ని మార్కులు వేస్తారు? జవాబు సరిగ్గా ఉన్నా, ఎక్కడి నుంచి వచ్చిందో అని అనుమానం వస్తుందిగా. ధారణ, ధ్యానం, సమాధి కూడా స్టెప్పులే. మీరు తెలియకుండా పోయే ముందు ఆ పది నిమిషాల్లో మనసు ఏం చేస్తోంది? పంచాక్షరి మీద నిలిచి, అది ఒకే ధారగా సాగి, ఆ ధార ఇంకా పదునెక్కి, ఆపైన మీరు లేకుండా పోయారా? లేక నిన్న స్టాఫ్ రూమ్‌లో జరిగిన మాట, పెద్దవాడి ఫీజు, మధ్యలో రెండు పంచాక్షరులు, ఆ తర్వాత చీకటి, ఇలా నడిచిందా? రెండోదే అయితే స్టెప్పులు లేవు.

కొలతలు ఇష్టపడే మనిషి కాబట్టి ఒక లెక్క చెబుతాను. వివేకానందస్వామి రాజయోగంలో కూర్మపురాణం చెప్పిన కొలతగా ఇది ఇచ్చారు. మనసు ఒక బిందువు మీద పన్నెండు సెకన్లు నిలిస్తే ఒక ధారణ. అలాంటి ధారణలు పన్నెండు కలిస్తే ఒక ధ్యానం, ధ్యానాలు పన్నెండు కలిస్తే సమాధి. 12, 144, 1,728. అంటే ధ్యానానికి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు, సమాధికి ఇరవై తొమ్మిది నిమిషాలకు పన్నెండు సెకన్లు తక్కువ. దీన్ని గడియారం పెట్టి పాటించాలని కాదు. మొదటి అంకె ఎంత కష్టమో చూడండి చాలు. పన్నెండు సెకన్లపాటు వేరే తలపు ఒక్కటీ రాకుండా 'నమశ్శివాయ' మీద నిలవడానికి రేపు ప్రయత్నించండి. నేను ఎన్నో ఏళ్లు కూర్చున్నాక కూడా ఆ పన్నెండు నాకు రోజూ దొరకవు.

'లేచాక హాయిగా ఉంటుంది, ఏమీ తెలియలేదు' అని మీరు రాశారు. సరిగ్గా ఇదే మాటను వేదాంతులు వందల ఏళ్లుగా చెబుతున్నారు, కాకపోతే గాఢనిద్రకు ఉదాహరణగా. 'సుఖమహమస్వాప్సం, న కించిదవేదిషం'. సుఖంగా నిద్రపోయాను, ఏమీ ఎరగను. పతంజలి నిద్రను చిత్తవృత్తుల్లో, అంటే మనసు కదలికల్లో, ఒకటిగా లెక్కపెట్టారు. అయిదు వృత్తుల్లో అది నాలుగోది. యోగం అంటే వృత్తుల నిరోధం కదా, అలాంటప్పుడు నిద్ర కూడా నిరోధించాల్సిన వాటిలోదే. మాండూక్యకారికలో అద్వైత గురువు గౌడపాదులు మరీ సూటిగా అన్నారు: 'లీయతే హి సుషుప్తే తన్నిగృహీతం న లీయతే'. గాఢనిద్రలో మనసు కరిగి అణిగిపోతుంది, నిగ్రహించబడిన మనసు అలా అణిగిపోదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చివరి స్థాయిలో వస్తువు కూడా ఉండని సమాధి ఉందని శాస్త్రం ఒప్పుకుంటుంది. పతంజలి దాన్ని నిర్బీజం అన్నారు, నిర్వికల్పం అనే పేరు వేదాంతులది. అక్కడ కాలం తెలియదు, లోకం తెలియదు. కాబట్టి బయటి నుంచి చూసేవాడికి నిద్రపోయినవాడూ ఆ సమాధిలో ఉన్నవాడూ ఒకేలా కనబడవచ్చు. అందుకే పెద్దలు ఆ మధ్య భాగాన్ని పట్టుకుని వాదించలేదు. ముందూ వెనకా చూడమన్నారు. లోపలికి వెళ్లిన దారి మెలకువదా, మగతదా? శరీరం ఎలా ఉంది? ఒళ్లు, మెడ, తల నిటారుగా, కదలకుండా ఉంచమని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. గాలిలేని చోట దీపంలా అని పోలిక కూడా అక్కడిదే. మీ తల వాలుతోందా, గడ్డం ఛాతీకి తగులుతోందా, నోట్లోంచి చొంగ కారుతోందా? ఇవి మీకు తెలియవు. ఒకరోజు ఇంటావిడను ఎదురుగా కూర్చోబెట్టి చూడమనండి. మూడోది, లేచాక ఏమైంది? ఇది అన్నిటికన్నా పెద్దది, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

వెలుగులు, నాదాలు మీరు చూడలేదని, వినలేదని అనను. కనబడేవాటిని శ్వేతాశ్వతర ఉపనిషత్తు పేరుపేరునా చెప్పింది. మంచు, పొగ, సూర్యుడు, గాలి, నిప్పు, మిణుగురు, మెరుపు, స్ఫటికం, చంద్రుడు, ఇలాంటి రూపాలు యోగంలో కనబడతాయని. వాటిని 'పురఃసరాణి' అంది, ముందు నడిచేవి అని అర్థం. అనంతపురంలో కర్నూలు బస్సెక్కితే దారిలో గుత్తి కోట కనబడుతుంది. దారి సరైనదేనని తెలుస్తుంది, సంతోషమే. అక్కడే దిగిపోతే మాత్రం కర్నూలు చేరం. పైగా నిద్ర అంచున కూడా రంగులు, ముఖాలు, మాటలు కనబడి వినబడతాయి, అది మనుషులందరికీ మామూలే. నిశ్శబ్దమైన గదిలో చెవులు గుయ్యిమనడమూ మామూలే. మీకు వచ్చింది ఏదో తేల్చాల్సిన అవసరం లేదు. ఏదైనా సరే, దానివైపు తిరగకుండా మంత్రం దగ్గరికి రావడమే చేయాల్సింది.

ఒంట్లో కుదుపు గురించి చాలామంది రాస్తుంటారు, కుండలిని లేచిందని సంబరపడుతుంటారు. యోగసూత్రాల్లో 'అంగమేజయత్వం' అనే మాట ఉంది, అవయవాలు అదరడం. పతంజలి దాన్ని విక్షేపంతో, అంటే మనసు చెదరడంతో, కలిసి వచ్చేవాటిలో చెప్పారు, దుఃఖం, దిగులు, ఊపిరి తడబడటం పక్కన. భక్తిలో గగుర్పాటు, వణుకు, కన్నీళ్లు సాత్త్విక భావాలుగా వస్తాయన్నదీ నిజమే, అవి వచ్చినప్పుడు కళ్లు తుడుచుకుని ఊరుకోవాలి. కానీ నిద్రలోకి జారుతున్న క్షణంలో ఒళ్లు ఉలిక్కిపడటం బస్సులో కునుకు తీసే ప్రతివాడికీ తెలుసు. మీది అదేనని నా ఊహ.

ఇంతవరకూ చదివి మీ మనసు చిన్నబుచ్చుకుని ఉంటుంది. మూడేళ్ల కష్టం వట్టిదేనా అని. కాదు మాస్టారూ. మీరు చెప్పుకోదగ్గది కాదని చివర్లో పడేసిన పెన్నహోబిలం ముచ్చటే మీ ఉత్తరంలో నన్ను కదిలించింది. జపం దానంతటదే నడిచింది. మీకు తెలుస్తూనే నడిచింది. నీళ్ల చప్పుడు ఉంది, పిల్లల అరుపులు ఉన్నాయి, వాటిని తరిమే పని మీకు పడలేదు. మీరు బండమీదే ఉన్నారు, మెలకువగా ఉన్నారు. వెలుగు లేదు, నాదం లేదు, 'నాకేదో అవుతోంది' అనే గొప్ప కూడా లేదు. నేను దాన్ని సమాధి అనను. ధారణ గట్టిపడి ధ్యానం వైపు ఒక అడుగు వేసిందని అంటాను. మూడేళ్లలో అది దొరికిందంటే మామూలు సంగతి కాదు. గంటసేపటి చీకటిని పెద్దదనుకుని పావుగంట వెలుతురును పారేసుకుంటున్నారని నా బాధ. సత్సంగంలో కూడా ఈ పావుగంట గురించి మీరు చెప్పి ఉండరు. ఎందుకంటే చెప్పడానికి అందులో ఏమీ లేదు. నిజమైనదానికి తరచూ ఉండే గుర్తు అదే.

మరి ఇప్పుడేం చేయాలి? గౌడపాదులు సాధనలో మనసుకు వచ్చే నాలుగు స్థితులు చూసి, ఒక్కోదానికి ఒక్కో మందు చెప్పారు. లయంలో పడితే మేల్కొలుపు. చెదిరితే శాంతపరచు. లోపల ఏదో పాత కోరిక వాసన పట్టుకుని మొద్దుబారి నిలిస్తే, అది ఆ వాసన పనేనని తెలుసుకో. సమస్థితికి వస్తే కదిలించకు. ఆపైన ఇంకో హెచ్చరిక, అక్కడి సుఖాన్ని చప్పరిస్తూ కూర్చోకు. మీకు కావాల్సింది మొదటి మందు, 'లయే సంబోధయేచ్చిత్తం'. మేలుకొలపడం.

దానికి మొదటి పని రాత్రి చేయాలి. పదకొండు దాటాక పడుకుని నాలుగున్నరకు లేస్తే అయిదున్నర గంటల నిద్ర కూడా లేదు. అతిగా నిద్రపోయేవాడికీ, అతిగా మేలుకొనేవాడికీ యోగం లేదని గీతే చెప్పింది. తొమ్మిదిన్నరకు పడుకోగలిగితే నాలుగున్నర ఉంచుకోండి. కుదరకపోతే లేవడం ఆరుకు మార్చండి, బ్రాహ్మీముహూర్తంలో కునికేకన్నా ఆరింటికి మెలకువగా ఉండటం ఎంతో మేలు. లేచి చన్నీళ్లతో ముఖం కడుక్కుని పది నిమిషాలు నడవండి. గంట వద్దు, ఇరవై నిమిషాలు చాలు, అలారం పెట్టుకోండి. కళ్లు పూర్తిగా మూయకుండా సగం తెరిచి ఉంచండి. పంచాక్షరిని మొదట మీ చెవికి వినబడేలా, తర్వాత పెదవులు మాత్రమే కదిలేలా, ఆ తర్వాతే మనసులో చేయండి. మాల చేతిలో ఉండాలి. మగత రాగానే మళ్లీ పైకి, చెవికి వినబడే జపానికి వచ్చేయండి. అయినా తూలితే లేచి నిలబడి చేయండి, అందులో తప్పేం లేదు. లేచాక ఆ పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న మీరే వేసుకోండి. ఏ పూస దాకా తెలుసు? చిన్న నోట్‌బుక్‌లో ఆ అంకె ఒక్కటే రాయండి. అనుభవాలు రాయకండి. రాయడం మొదలుపెడితే రాసుకోవడానికే అవి వస్తాయి.

ఆ 60,000 గురించి. ఆ పెద్దాయన మనసులో ఏముందో నాకు తెలియదు, ఆయన్ని ఒక్క మాట కూడా అనను. కానీ మీరు లెక్కల మనిషి, ఆలోచించండి. మీకు వచ్చింది నిజంగా నిర్వికల్ప సమాధే అయితే దానికి పైన దీక్ష ఏముంటుంది? పైన ఇంకో మెట్టు ఉందంటే ఇది అది కాదు. రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. మీరు చెప్పింది విని ఆయన తిరిగి ఏం ప్రశ్నలు అడిగారు? నిద్ర ఎంత, తిండి ఏమిటి, ఇంట్లో ఎలా ఉంటున్నావు, మందులేమైనా వాడుతున్నావా, ఇవేవీ అడగకుండా పేరు పెట్టేశారంటే ఆ పేరు మీద డబ్బు పెట్టకండి.

ఉద్యోగం సంగతి కూడా. 62 దాకా మీకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది. అయిదు నెలల అనుభవం మీద, అదీ ఏమిటో తేలకముందే, ఇంత పెద్ద నిర్ణయం తీసుకోకండి. ఇంటావిడ ఒప్పుకోకుండా అసలే తీసుకోకండి. నలభై మంది పిల్లల ముందు ఎనిమిదో తరగతి బీజగణితం చెబుతూ విసుగు రాకుండా ఉండటం కూడా ధారణే. తరగతి గదిలో మనసు నిలవనివాడికి కొండగుహలో నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. ఖాళీ సమయం పెరిగితే చాలామందికి ధ్యానం పెరగదు, టెన్షన్ పెరుగుతుంది.

లేచాక ఏమైందన్నది పెద్ద ప్రశ్న అన్నాను. లోతు నిజమైనదైతే దాని ఫలితం ఆసనం మీద కాక ఇంట్లో మెల్లగా కనబడుతుంది, తరచూ మీకన్నా ముందు ఇంట్లోవాళ్లకు. కోపం రానే రాదని కాదు. వచ్చిన కోపం ఇదివరకు సాయంత్రం దాకా ఉండేది గంటకు, తర్వాత పది నిమిషాలకు తగ్గుతుంది. వస్తుండగానే వస్తోందని తెలుస్తుంది. ఎవరైనా పొగిడితే, తిడితే లోపల లేచే అల పొట్టిదవుతుంది. ఒంటరిగా కూర్చోవడానికి భయం ఉండదు, నలుగురిలో ఉండటానికి విసుగూ ఉండదు. అనుభవం గురించి చెప్పుకోవాలనే దురద తగ్గిపోతుంది. ఆ హాయి మళ్లీ రేపు రావాలనే ఆత్రం కూడా తగ్గుతుంది. ఆత్రం పెరుగుతుంటే మాత్రం గౌడపాదులు చప్పరించవద్దన్నది దాన్నే అని గుర్తుపట్టండి. ఎదుటివాడి ఆకలి, నొప్పి ముందుకన్నా త్వరగా కంటికి ఆనడం ఇంకో గుర్తు. కడప జిల్లా జ్యోతి క్షేత్రం వైపు పోయినప్పుడు అవధూత కాశినాయన గురించి అక్కడి ముసలివాళ్లను కదిపి చూశాను. ఆయన ఎంతసేపు కళ్లు మూసుకుని కూర్చునేవారో నాకెవరూ చెప్పలేదు. నేను విన్నవన్నీ అన్నం పెట్టిన కథలే.

డాక్టర్‌ను కలిసి వచ్చాక ఒక మండలం, నలభై ఒక్క రోజులు, పైన చెప్పినట్టు కూర్చోండి. మొదటి వారం వట్టిగా, చప్పగా ఉంటుంది. పాత హాయి రాదు, ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఆ వారం తట్టుకోండి. వీలైతే నెలకోసారి పొద్దున్నే పెన్నహోబిలం వెళ్లి అదే బండమీద కూర్చోండి, ఆనాటిది మళ్లీ రావాలని మాత్రం కోరుకోవద్దు. అన్నిటికన్నా ముందు, ఇవాళే, ఆ గ్లాసు విసిరిన సంగతికి మీ ఇంటావిడకు క్షమాపణ చెప్పండి. ఆమె ఇన్ని నెలలుగా మిమ్మల్ని చూస్తోంది, మీకు తెలియని సగం ఆమెకు తెలుసు.

మండలం పూర్తయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఏ పూస దాకా మెలకువగా ఉన్నారో ఆ అంకెలు మీరు రాయండి. మిగతాది ఆమెనే రాయమనండి.